బై టూ

యశ్వంతపురం వైపు గూడ్సు బండి పోయినప్పుడల్లా
నా గ్రాఫు మీద సన్నగా ఒక వణుకు.
అది ఫిజిక్సు కాదు, రైలు అని కనుక్కోవడానికి
నాకు మూడు నెలలు పట్టింది.
మునిరత్నానికి మూడు రోజులు.

అతని తాత కోలారు గనిలో, చాంపియన్ రీఫ్‌లో,
రెండు మైళ్ల లోతు వేడిలో బంగారం తవ్వాడు.
ఇతను మైక్రోస్కోపు కింద
తలవెంట్రుక కన్నా సన్నని బంగారు తీగని
చిప్పు అంచుకి కుట్టి,
ఇక చల్లబడ్డానికేమీ మిగలని చలిలోకి దించుతాడు.
"తాత తెచ్చింది వాపస్ ఇస్తా ఉండాం మేడమ్,
శానా కొంచెం కొంచెంగా."

చిప్పు మీద రెండు ఊళ్లు, ఒక పొలిమేర.
ఇటు సెమీకండక్టర్. సాయంత్రం మెజెస్టిక్ బస్సు.
ఎవరి టికెట్టు వాళ్లది, ఎవరి మోచేతులు వాళ్లవి.
అటు అల్యూమినియం. మామూలు రోజుల్లో అన్నం గిన్నె.
ఈ చలిలో మాత్రం దాని ఆచారం వేరు:
జంటగా తప్ప లోపలికి రానివ్వదు.
వచ్చాక ఎవరికీ ఎవరూ అడ్డం కారు.
తోసేవాళ్లు లేకుండానే నడక.

ఇటునుంచి ఒక ఎలక్ట్రాన్ వస్తుంది. ఒక్కటే.
పొలిమేర దాటే సత్తువ లేదు.
అప్పుడేమవుతుంది?

విద్యార్థులకైతే బోర్డు మీద బాణాలు గీస్తాను.
మునిరత్నానికి మత్తికెరె దర్శినిలో
నిలబడి చెప్పాల్సి వచ్చింది:
అది వెనక్కి తిరిగి, గుంపులోంచి
ఇంకొకదాని చెయ్యి పట్టి లాక్కుంటుంది.
రెండూ లోపలికి.
లాగిన చోట ఒక ఖాళీ మిగులుతుంది.
ఆ ఖాళీ ఊరుకోదు.
అద్దం మీది వెలుగులా పక్కకి తుళ్లిపోదు.
వచ్చిన దారినే, అడుగులో అడుగేసుకుంటూ
వెనక్కి నడిచిపోతుంది.

"ఖాళీ నడుస్తాదా?"
"నడుస్తుంది. దానికి లెక్క కూడా కడతాం.
లోపలికి పోయింది ఒకటి కాదు, రెండు.
అందుకే కరెంటు రెట్టింపు."
కౌంటరు మీది రెండు గ్లాసులకేసి చూశాడు.
ఒక కాఫీ, బై టూ.
"ఇద్దరైతే ఇది సగమే కదా మేడమ్ అయ్యేది.
అది రెట్టింపు ఎట్లా అవుతాది?"
జవాబుంది, సమీకరణంతో సహా.
ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.
నా సగం తాగేశాను.

ఏడు శాంపిళ్లు పోయాయి.
పొలిమేరలో కంటికానని తుప్పు పొర ఉంటే చాలు,
ఎలక్ట్రాన్ తలుపు తట్టి, తట్టి
ఒంటరిగా వచ్చినట్టే తిరిగొస్తుంది.
గ్రాఫు నడుమ లోయ.
ఏడుసార్లు అదే లోయ.
ఐదోది పోయిన రోజు వాన, కరెంటు కట్.
చీకట్లో యూపీఎస్ కీచుమంటుంటే
సిలిండరుకి ఆనుకుని కాసేపు ఏడ్చాను.
ఇది లాగ్‌బుక్‌లో లేదు.

నిన్న రాత్రి ఎనిమిదోది.
వోల్టేజీని సున్నా వైపు తెస్తున్నాను,
నిద్రపోయే పిల్ల గదిలోకి వెళ్లినట్టు.
లోయ రావాల్సిన చోట
గీత లేచింది.
ఒకటి పాయింట్ ఆరు.
ఒకటి పాయింట్ ఎనిమిది.
రెండు కాలేదు. రెండు పుస్తకాల్లోనే.
బండి లేని వేళ చూసి మళ్లీ కొలిచాను.
ఒకటి పాయింట్ ఎనిమిది.

పంపు పక్కన అట్టపెట్టె పరుచుకుని పడుకున్న
మునిరత్నాన్ని లేపాను.
చొక్కాతో కళ్లద్దాలు తుడుచుకుని
స్క్రీన్ ముందు చాలాసేపు కూర్చున్నాడు.
"అయితే ఖాళీలు బయలుదేరినాయన్నమాట."
"బయలుదేరాయి."
"మా ఊరి కింద శానా ఉండాయి మేడమ్.
రెండు మైళ్లు. గని మూసేసినాక
నీళ్లు నిండుకున్నాయంటారు."
ఇంకేదో అడగబోయి ఆగాడు.

నేనూ ఏమీ అనలేదు.
దూరంగా ఇనుము మీద ఇనుము.
గీత సన్నగా వణికింది.
అతనే పెన్ను తీసి లాగ్‌బుక్‌లో రాశాడు:
మూడూ నలభై. రైలు.